హార్డ్ డిస్క్‌లోని వీడియోలు ఇంట్లో ప్రతి టీవీలో చూడాలంటే: పాత ల్యాప్‌టాప్‌తో జెల్లీఫిన్ ఏర్పాటు

బీరువాలో ఒక హార్డ్ డిస్క్ ఉంటుంది. అందులో పెళ్ళి వీడియో, పిల్లల పుట్టినరోజులు, ఫోన్ నిండినప్పుడల్లా ఖాళీ చేసిన ఫోటోలు, కొన్న డీవీడీల నుంచి ఎక్కించుకున్న సినిమాలు. చూడాలనుకున్న ప్రతిసారీ దాన్ని తీయాలి, వైరు వెతకాలి, టీవీ వెనక చెయ్యి పెట్టి తడుముకుంటూ గుచ్చాలి. అమ్మమ్మ గదిలో టీవీకి కావాలంటే మళ్ళీ పీకాలి. ఆ డిస్క్‌ను ఒకచోట కదలకుండా పెట్టి, హాల్లో టీవీకి, గదిలో టీవీకి, చేతిలో ఫోనుకు అక్కడి నుంచే వీడియో అందేలా చేయవచ్చు. నెలనెలా చందా ఏమీ ఉండదు. ఒకసారి అమర్చుకున్నాక ఇంటర్నెట్ పోయినా ఆగదు. రౌటర్ వెలుగుతూ ఉంటే చాలు.

ఇంట్లో ఒక్క టీవీయే ఉండి, అందరూ దాంట్లోనే చూస్తారనుకుంటే ఈ శ్రమంతా మీకు అక్కర్లేదు. డిస్క్‌ను టీవీకే పెట్టేయండి. ఒక్క జాగ్రత్త: డిస్క్ పెట్టగానే కొన్ని టీవీలు దీన్ని ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతాయి. టీవీ కార్యక్రమాలను రికార్డు చేసుకోవడానికి అడిగే ప్రశ్న అది. ఓకే నొక్కారంటే డిస్క్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

రౌటర్ వెనక యూఎస్‌బీ పోర్టు ఉంటే దానికే డిస్క్ పెట్టి, రౌటర్ సెట్టింగుల్లో మీడియా సర్వర్ లేదా డీఎల్‌ఎన్‌ఏ అనేదాన్ని ఆన్ చేయడం ఇంకో పద్ధతి. పది నిమిషాల పని. కానీ ఫైలు పేర్ల జాబితా తప్ప పోస్టర్లు ఉండవు, ఎక్కడ ఆపామో చాలాసార్లు గుర్తుండదు, టీవీకి చదవడం రాని ఫైలు వస్తే చేసేదేమీ లేదు. రౌటర్ పోర్టు ఇచ్చే కరెంటు చాలక డిస్క్ టిక్కుటిక్కుమంటూ లేవకపోవడమూ మామూలే. నాలుగైదు ఫైళ్ళకు ఇది సరిపోతుంది. వందల్లో ఉంటే మాత్రం సర్వర్, అంటే ఫైళ్ళను మిగతా పరికరాలకు అందించే కంప్యూటర్, పెట్టుకోండి.

ఇక్కడ చెప్పే సర్వర్ సాఫ్ట్‌వేర్ పేరు జెల్లీఫిన్. ఎంబి అనే పాత సర్వర్ తన సోర్స్ కోడ్ మూసేసినప్పుడు, 2018 డిసెంబర్‌లో, దాని చివరి ఉచిత రూపం నుంచి కొందరు వేరుపడి మొదలుపెట్టింది ఇది. ప్లెక్స్ అనే ఇంకో సర్వర్ కూడా మంచిదే, టీవీ యాప్ ఇంకా నున్నగా నడుస్తుంది. కానీ దానికి వాళ్ళ దగ్గర ఖాతా తెరవాలి, బయటి ఊరి నుంచి మీ ఫైళ్ళు మీరు చూడటానికి 2025 ఏప్రిల్ నుంచి డబ్బు కట్టాలి. మన ఇంటి పెళ్ళి వీడియో మనం చూసుకోవడానికి ఇంకొకరి ఖాతా ఎందుకన్నదే జెల్లీఫిన్‌ను ఎంచుకోవడానికి అసలు కారణం.

ముందు ఒక లెక్క

వీడియో మధ్యలో ఆగి గుండ్రం తిరిగితే అందరూ మొదట తిట్టేది హార్డ్ డిస్క్‌ను. తప్పు దానిది కావడం చాలా అరుదు. మామూలు 2.5 అంగుళాల డిస్క్ సెకనుకు 100 మెగాబైట్ల దాకా చదువుతుంది. మెగాబైటుకు 8 మెగాబిట్లు కాబట్టి అది 800 మెగాబిట్లు. బ్లూరే డిస్క్ నుంచి యథాతథంగా తీసిన 1080పీ సినిమాకు కావలసింది 20 నుంచి 40. కాబట్టి ఆటంకం దాదాపు ఎప్పుడూ రెండు చోట్లే ఉంటుంది: వీడియో వెళ్ళే దారి ఇరుకవడం, లేదా టీవీకి ఆ రకం ఫైలు చదవడం రాకపోవడం.

మీ ఫైలుకు ఎంత దారి కావాలో కాగితం మీదే తేల్చుకోవచ్చు. ఫైలు సైజు జీబీల్లో తీసుకుని 8,000తో గుణించండి, వీడియో నిడివిని సెకన్లలో పెట్టి భాగించండి. రెండున్నర గంటల సినిమా 12 జీబీ ఉందనుకుందాం. 12 × 8,000 ÷ 9,000, అంటే సుమారు 10.7 మెగాబిట్లు. ఏ వైఫై అయినా మోస్తుంది. ఫోటోగ్రాఫర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన 20 నిమిషాల పెళ్ళి హైలైట్స్ 9 జీబీ ఉంటే? 9 × 8,000 ÷ 1,200, అంటే 60 మెగాబిట్లు. చూడటానికి చిన్న ఫైలే, కానీ దారి మాత్రం దాదాపు ఆరింతలు కావాలి. సినిమా బాగా వచ్చింది, పెళ్ళి వీడియో ఎందుకు ఆగుతోందంటే జవాబు ఇదే. ఐఫోన్‌లో 4కే, 60 ఫ్రేములతో తీసినది నిమిషానికి 400 మెగాబైట్లు, అంటే 53 మెగాబిట్ల పైన. ఇది సగటు లెక్క. టపాసులు, అక్షింతలు పడే దృశ్యాల్లాంటి చోట్ల కాసేపు రెట్టింపు కూడా అవుతుంది. కాబట్టి వచ్చిన అంకెకు రెండింతల దారి ఉండేలా చూసుకోండి.

ఏమేం కావాలి

పక్కన పడేసిన ల్యాప్‌టాప్ ఇంటెల్ 6వ తరం ప్రాసెసర్‌దో ఆ తరవాతదో అయితే చాలు. 7వ తరం నుంచి హెచ్.265 అనే కుదింపు పద్ధతిలోని 10 బిట్ వీడియోను గ్రాఫిక్స్ చిప్పే విప్పుకుంటుంది, అది పెద్ద లాభం. ర్యామ్ 4 జీబీతో నడుస్తుంది, 8 ఉంటే హాయి. డెస్క్‌టాప్ కంటే ల్యాప్‌టాప్ మేలు అనడానికి రెండు కారణాలు. ఊరికే ఉన్నప్పుడు స్క్రీన్ ఆర్పిన ల్యాప్‌టాప్ సుమారు 12 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజంతా నడిచినా నెలకు 9 యూనిట్లు దాటదు. రెండోది, కరెంటు పోతే బ్యాటరీ ఆదుకుంటుంది. 2.5 అంగుళాల డిస్క్ కరెంటు కూడా ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే తీసుకుంటుంది కాబట్టి రెండూ కలిసి నిలబడతాయి. 3.5 అంగుళాల పెద్ద డిస్క్‌కు వేరే 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది; దాన్ని ఇన్వర్టర్ లైన్‌లో పెట్టకపోతే కరెంటు పోయినప్పుడల్లా రాస్తున్నది రాస్తుండగానే ఆగిపోతుంది.

రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు వాడాలని చాలామందికి ఉంటుంది. ఫైలు యథాతథంగా పంపడానికి అది బాగానే ఉంటుంది. రూపం మార్చి పంపాల్సి వస్తే చేతులెత్తేస్తుంది. రాస్‌ప్‌బెర్రీ పై 5లో వీడియోను కొత్త రూపంలోకి ఎన్‌కోడ్ చేసే హార్డ్‌వేరే లేదు.

డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి. పాత డిస్క్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఫార్మాట్ మార్చే ముందు ఉన్నదంతా వేరే డిస్క్‌కు కాపీ చేయాలని వేరే చెప్పనక్కర్లేదు.

మరొకటి: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ ల్యాప్‌టాప్‌లో అదే ఉంటే దాన్ని సర్వర్‌గానే ఉంచండి. బ్యాంకు పనులు, మెయిళ్ళు అందులో చేయొద్దు.

దారి వేయడం

ల్యాప్‌టాప్‌ను రౌటర్ పక్కనే పెట్టి కేబుల్‌తో కలపండి. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదొక్కటే. ల్యాప్‌టాప్ వైఫైలో, టీవీ వైఫైలో ఉంటే ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణం చేయాలి: ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కు ఒకసారి, అక్కడి నుంచి టీవీకి ఇంకోసారి. అంటే ఉన్న వేగం సగమైపోతుంది. ఒక వైపు కేబుల్ వేస్తే ఆ సగం తిరిగి వస్తుంది.

క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, ఇంటికి అంతకంటే అక్కర్లేదు. కొనేటప్పుడు లోపలి తీగ స్వచ్ఛమైన రాగిదేనా అని చూడండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినది చవకగా దొరుకుతుంది, వంచిన చోట తెగుతుంది. కేబుల్ పెట్టాక విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, ఈథర్‌నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 1000/1000 అని ఉండాలి. 100/100 ఉంటే, రౌటర్, ల్యాప్‌టాప్ రెండూ గిగాబిట్‌వే అయితే, తప్పు దాదాపుగా కేబుల్ చివరి క్లిప్పులో ఉంటుంది. ఎనిమిది తీగల్లో 1, 2, 3, 6 స్థానాలవి సరిగ్గా తగిలితే 100 మెగాబిట్లు నడుస్తాయి. గిగాబిట్‌కు ఎనిమిదీ తగలాలి. గోడలోంచి లాగిన కేబుల్ అయితే క్లిప్పు కోసి కొత్తది క్రింప్ చేయించండి. క్లిప్పు నాలుక కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కుడికి వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత దూరడం చూసి పొరపాటనుకుని చాలామంది సరిచేస్తారు, అక్కడే పాడవుతుంది. రెండు చివరలా ఇదే వరస.

ఇక టీవీ వైపు. ఇక్కడ ఒక వింత ఉంది. 4కే టీవీలు చాలావాటికి వెనక ఉండే ల్యాన్ పోర్టు 100 మెగాబిట్లదే. అసలు వేగం 94 దగ్గర ఆగుతుంది. మీ ఫైళ్ళు 40 మెగాబిట్ల లోపువైతే కేబులే మంచిది, ఒకే తీరుగా ఉంటుంది. 60, 80 ఉన్న ఫైళ్ళైతే, టీవీ రౌటర్ ఉన్న గదిలోనే ఉన్నప్పుడు 5 గిగాహెర్ట్జ్ వైఫై ఆ కేబుల్ కంటే వేగంగా ఉంటుంది.

వైఫైలో టీవీ 2.4 గిగాహెర్ట్జ్‌కు తగులుకుని ఉందేమో చూడండి. అపార్ట్‌మెంట్లలో ఆ బ్యాండ్ సంతలా ఉంటుంది: ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్ళు మూడే, 1, 6, 11. ఇరవై ఫ్లాట్ల రౌటర్లు ఆ మూడింటినే పంచుకోవాలి. సాయంత్రం ఏడు దాటాక ఆగిపోయి, పొద్దున్న బాగా వచ్చే వీడియోకు కారణం ఇదే. రౌటర్‌లో 2.4కు, 5కు వేర్వేరు పేర్లు పెట్టి టీవీని 5కే కలపండి. 5 గిగాహెర్ట్జ్‌కు ఇటుక గోడ ఒకటి పర్లేదు, రెండు దాటితే నీరసిస్తుంది, కాంక్రీటు స్లాబు దాటి పై అంతస్తుకు వెళ్ళడం కష్టం. పైన టీవీ ఉంటే మెట్ల పక్కనుంచి కేబుల్ లాగి పైన ఒక యాక్సెస్ పాయింట్ (కేబుల్‌తో వచ్చినదాన్ని వైఫైగా పంచే పెట్టె) పెట్టడమే శాశ్వతమైన దారి. ప్లగ్గులో గుచ్చే వైఫై రిపీటర్లు సిగ్నల్ గీతలు నిండుగా చూపిస్తాయి, వేగాన్ని మాత్రం సగం చేస్తాయి.

ల్యాప్‌టాప్‌ను సర్వర్‌గా మార్చడం

1. పవర్ సెట్టింగ్స్‌లో ప్లగ్ పెట్టి ఉన్నప్పుడు స్లీప్ "నెవర్" అని పెట్టండి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినప్పుడు "డూ నథింగ్" ఎంచుకోండి. అక్కడే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను డిసేబుల్ చేయండి. ఈ మూడోది మరిచిపోతే రెండు రోజులు బాగా నడిచి, మూడో రోజు డిస్క్ మాయమవుతుంది.

2. తయారీదారు ఇచ్చిన యాప్‌లో బ్యాటరీ ఛార్జింగ్ పరిమితి ఉంటే 80 శాతం లేదా 60 శాతం పెట్టండి. ఏడాది పొడవునా నూటికి నూరు ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ ఉబ్బుతుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపించిందంటే ఆ రోజే ఆపి బ్యాటరీ తీయించండి. ఇందులో రేపు చూద్దామనుకోవద్దు.

3. డిస్క్ పెట్టి, స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డిస్క్‌కు "ఎం" లాంటి దూరపు అక్షరం కేటాయించండి. ఈ పని చేయకపోతే ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టి రీస్టార్ట్ చేసిన రోజు "ఇ" డ్రైవ్ కాస్తా "ఎఫ్" అయిపోయి, లైబ్రరీ మొత్తం ఖాళీగా కనిపిస్తుంది.

4. రౌటర్ పేజీ తెరవండి. చిరునామా 192.168.1.1 లేదా 192.168.29.1 అయి ఉంటుంది, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద చూడండి. డీహెచ్‌సీపీ విభాగంలో అడ్రస్ రిజర్వేషన్ ఉంటుంది. అక్కడ ల్యాప్‌టాప్‌కు ఒక స్థిర అంకె ఇవ్వండి, ఉదాహరణకు 192.168.1.50. ల్యాప్‌టాప్‌కు వైఫైకి ఒక మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో గుర్తింపు సంఖ్య), కేబుల్‌కు ఇంకొకటి ఉంటాయి. మీరు రాయాల్సింది కేబుల్‌ది.

5. విండోస్‌లో ఈ నెట్‌వర్క్‌ను ప్రైవేట్‌గా గుర్తించండి. పబ్లిక్ అని ఉంటే ఫైర్‌వాల్ టీవీని లోపలికి రానివ్వదు.

6. జెల్లీఫిన్ అధికారిక సైట్ నుంచి విండోస్ ఇన్‌స్టాలర్ దించుకోండి. "బేసిక్ ఇన్‌స్టాల్" ఎంచుకోండి. "సర్వీస్"గా పెడితే లాగిన్ కాకుండానే మొదలవుతుంది, నిజమే. కానీ అది వేరే ఖాతా కింద నడుస్తుంది కాబట్టి ఫోల్డర్ అనుమతుల దగ్గర కొత్తవాళ్ళు ఇరుక్కుపోతారు. ఫైర్‌వాల్ అడిగినప్పుడు ప్రైవేట్ నెట్‌వర్క్‌కు అనుమతి ఇవ్వండి.

7. బ్రౌజర్‌లో 192.168.1.50:8096 తెరవండి. చివరి 8096 అనే పోర్టు అంకె మరిచిపోతే ఏమీ రాదు. అడ్మిన్ పేరు, గట్టి పాస్‌వర్డ్ పెట్టి, ఫోల్డర్లు చూపించండి.

మొదటి స్కాన్ అప్పుడు ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది. వందల ఫైళ్ళుంటే రాత్రంతా వదిలేయండి. ట్రిక్‌ప్లే (వీడియోను ముందుకు జరిపేటప్పుడు కనిపించే చిన్న బొమ్మలు), చాప్టర్ చిత్రాలు తీయడం వంటి టిక్కులు ఇప్పుడే పెట్టొద్దు, పాత ప్రాసెసర్‌ను రోజుల తరబడి నమిలేస్తాయి.

ఫైళ్ళకు పేర్లు

సినిమాకు ఒక ఫోల్డర్, ఆ ఫోల్డర్ పేరు సినిమా పేరు, పక్కన బ్రాకెట్లలో విడుదలైన ఏడాది. లోపలి ఫైలుకూ అదే పేరు. ఏడాది ఎందుకంటే, దేవదాసు పేరుతో తెలుగులోనే 1953లో, 1974లో, 2006లో సినిమాలు ఉన్నాయి. ఏడాది లేకపోతే అక్కినేని సినిమాకు 2006 నాటి పోస్టర్ అంటుకుంటుంది. పోస్టర్లు, వివరాలు వచ్చేది టీఎమ్‌డీబీ అనే ఉమ్మడి భాండాగారం నుంచి, వీటికి మాత్రం ఇంటర్నెట్ కావాలి. మన పేర్లను ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, దీర్ఘానికి ఒకరు రెండు అక్షరాలు, ఇంకొకరు ఒకటి. అందుకే దొరకని సినిమాకు జెల్లీఫిన్‌లో "ఐడెంటిఫై" నొక్కి, టీఎమ్‌డీబీలో ఆ సినిమా పేజీకి ఉన్న అంకె ఇచ్చేయండి. పేరుతో కుస్తీ పట్టక్కర్లేదు.

పెళ్ళి వీడియోలను మాత్రం సినిమాల లైబ్రరీలో వేయొద్దు. "హోమ్ వీడియోస్" రకం లైబ్రరీ వేరేగా చేసి అందులో పెట్టండి. లేదంటే "రిసెప్షన్" అనే మీ ఫోల్డర్‌కు ఏదో విదేశీ సినిమా పోస్టర్, కథాసారాంశం వచ్చి కూర్చుంటాయి. ఈ లైబ్రరీలో ఫోల్డర్ పేరు ఏడాదితో మొదలుపెడితే, 2009 సీమంతం, 2010 అన్నప్రాసన, 2014 గృహప్రవేశం, వాటంతటవే వరసలో నిలబడతాయి. పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు, విండోస్‌కు, జెల్లీఫిన్‌కు రెండింటికీ ఇబ్బంది లేదు. టీవీ ముందు కూర్చున్న అమ్మమ్మ చదువుకోగలిగేది కూడా అదే.

సబ్‌టైటిళ్ళ ఫైలుకు సినిమా ఫైలు పేరే పెట్టి, చుక్క, తెలుగుకు సంకేతమైన టి, ఇ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, మళ్ళీ చుక్క, ఎస్‌ఆర్‌టీ అని ముగించాలి. తెలుగు అక్షరాల బదులు చెత్త గుర్తులు వస్తే ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ యాజ్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకుని మళ్ళీ దాచండి. నోట్‌ప్యాడ్‌లోనే చెత్తగా కనిపిస్తే ఇది పనిచేయదు, ఆ ఫైలు యూనికోడ్‌కు ముందు నాటి ఫాంట్‌లో తయారైనదన్నమాట.

టీవీలో పెట్టడం

గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ, ఫైర్ టీవీ, ఎల్‌జీ వెబ్‌ఓఎస్ స్టోర్లలో జెల్లీఫిన్ యాప్ దొరుకుతుంది. స్టోర్‌లో లేని టీవీకి ఫైర్ టీవీ స్టిక్కో గూగుల్ టీవీ పెట్టెనో తగిలించండి. రిమోట్‌తో పాస్‌వర్డ్ కొట్టే యాతన పడొద్దు. టీవీలో "క్విక్ కనెక్ట్" నొక్కితే ఆరంకెల కోడ్ వస్తుంది. ఫోనులో జెల్లీఫిన్ తెరిచి మీ ప్రొఫైల్‌లోని క్విక్ కనెక్ట్‌లో ఆ కోడ్ కొట్టండి, టీవీ లోపలికి వెళ్ళిపోతుంది. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో యూజర్ చేయండి. నాన్నగారు సగంలో ఆపిన సినిమా పిల్లల కార్టూన్లతో కలిసిపోకుండా ఉంటుంది. అడ్మిన్ హక్కులు ఒక్కరికే ఉండాలి.

సర్వర్ కనబడటం లేదంటే, మొదట చూడాల్సింది ఇంట్లో రెండు రౌటర్లు ఉన్నాయా అన్నది. ఇది మన ఇళ్ళలో చాలా ఎక్కువ. ఫైబర్ కంపెనీవాళ్ళు ఇచ్చిన పెట్టె ఒకటి, సిగ్నల్ చాలక మనం కొన్న రౌటర్ ఇంకొకటి. రెండూ వేర్వేరు నెట్‌వర్క్‌లు నడుపుతుంటాయి. ల్యాప్‌టాప్ చిరునామా 192.168.0తో, టీవీది 192.168.1తో మొదలైతే అవి ఒకే ఇంట్లో ఉన్నా వేర్వేరు వీధుల్లో ఉన్నట్టే. మీరు కొన్న రౌటర్‌ను "యాక్సెస్ పాయింట్ మోడ్"లోకి మార్చండి, అన్నీ ఒకే వీధిలోకి వస్తాయి. రెండోది, టీవీ గెస్ట్ వైఫైలో ఉందేమో. గెస్ట్ వైఫై పెట్టేదే లోపలి పరికరాలు కనబడకుండా ఉండటానికి.

డైరెక్ట్ ప్లే కావాలి

వీడియో నడుస్తుండగా ల్యాప్‌టాప్‌లో జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే ఎవరు ఏం చూస్తున్నారో కనిపిస్తుంది. అక్కడ "డైరెక్ట్ ప్లే" అని ఉంటే ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తోంది, పదేళ్ళ నాటి ల్యాప్‌టాప్‌కు కూడా చెమట పట్టదు. "ట్రాన్స్‌కోడ్" అని ఉంటే వీడియోను విప్పి మళ్ళీ కొత్తగా తయారుచేసి పంపుతోంది. అదే వేడికీ, ఆగిపోవడానికీ మూలం. ఎందుకు చేస్తోందో కారణం కూడా అక్కడే రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చదివితే సగం సమస్యలు తీరతాయి.

సబ్‌టైటిల్ ఫార్మాట్ కారణమని వస్తే, అది బొమ్మల రూపంలో ఉన్న సబ్‌టైటిల్. బ్లూరే, డీవీడీల నుంచి తీసినవి ఇలాగే ఉంటాయి. టీవీ వాటిని చూపలేకపోతే సర్వర్ వీడియో మీదే అచ్చు వేసి పంపాలి. ఎస్‌ఆర్‌టీ వాడండి, లేదా సబ్‌టైటిల్ ఆపేయండి. ఆడియో కోడెక్ (ధ్వనిని కుదించిన పద్ధతి) అని వస్తే చాలాసార్లు అది డీటీఎస్ అనే రకం ఆడియో. చాలా టీవీలు దాన్ని చదవవు. ఆడియో ఒక్కటే మార్చడం తేలిక పని, వదిలేయవచ్చు. బొమ్మ వస్తూ ధ్వని రాకపోతే మొదట అనుమానించాల్సిందీ దీన్నే. బిట్‌రేట్ (సెకనుకు వెళ్ళే మెగాబిట్లు) ఎక్కువ అని వస్తే టీవీ యాప్ సెట్టింగుల్లో గరిష్ఠ బిట్‌రేట్ తక్కువగా ఉందని అర్థం, పెంచండి. వీడియో కోడెక్ అంటే మాత్రం ఆ టీవీకి ఆ రూపం నిజంగానే రాదు.

ట్రాన్స్‌కోడ్ తప్పనప్పుడు పని గ్రాఫిక్స్ చిప్పుకు అప్పజెప్పండి. డ్యాష్‌బోర్డ్‌లో ప్లేబ్యాక్, ట్రాన్స్‌కోడింగ్‌కు వెళ్ళి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌లో ఇంటెల్ క్విక్‌సింక్ ఎంచుకోండి. హెచ్.264, హెచ్.265, ఎంపెగ్-2 టిక్ చేయండి. హెచ్.265 10 బిట్ టిక్కు 7వ తరం నుంచే. 6వ తరం ల్యాప్‌టాప్‌లో అది పెడితే వీడియో మొదలుకాకుండానే ఎర్రర్ వస్తుంది.

పాత పెళ్ళి సీడీలు, డీవీడీలు

ఇవి అన్నిటికంటే ముందు ఎక్కించాల్సినవి. రాసిన డిస్క్‌ల మీది రంగు పొర ఏళ్ళతో పాటు చెడుతుంది, ఇవాళ చదివిన డిస్క్ వచ్చే ఏడు చదవకపోవచ్చు. డీవీడీలో వీడియో 1 జీబీ ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కల్ని అలాగే కాపీ చేస్తే తలంబ్రాలు ఒక ఫైల్లో, తాళి ఒక ఫైల్లో పడతాయి. మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో తీస్తే నాణ్యత ఒక్క చుక్క తగ్గకుండా మొత్తం ఒకే ఫైలు అవుతుంది. వీసీడీ అయితే అందులోని ఎంపెగ్ఏవీ ఫోల్డర్ తెరిచి, డీఏటీ (.dat) అనే పొడిగింపు ఉన్న పెద్ద ఫైలును కాపీ చేసి, పొడిగింపును ఎంపీజీ అని మార్చండి, చాలావరకు నడుస్తుంది.

టీవీలో చూసినప్పుడు కదిలే చేతుల అంచున దువ్వెన పళ్ళలా గీతలు వస్తే భయపడొద్దు, డిస్క్ పాడవలేదు. పాత వీడియోల్లో ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా, గీత విడిచి గీత తీసేవారు. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్ తెరిచి ఫిల్టర్స్‌లో డీఇంటర్లేస్ "బాబ్" పెట్టి, హెచ్.264లో ఆర్‌ఎఫ్ (నాణ్యత అంకె) 18 దగ్గర మార్చితే సెకనుకు 50 ఫ్రేములతో నున్నగా వస్తుంది. సైజు 720×576 అలాగే ఉంచండి. 1080కి పెంచితే ఫైలు పెరుగుతుంది, బొమ్మ పెరగదు. మేక్‌ఎంకేవీ తీసిన అసలు ఫైలును మాత్రం పారేయొద్దు.

దూరాన ఉన్నవాళ్ళకు

డల్లాస్‌లో ఉన్న కూతురు ఈ వీడియోలు చూడాలంటే? చాలామంది మొదట చేసేది రౌటర్‌లో 8096 పోర్టు తెరవడం. వద్దు, ప్రపంచమంతా వచ్చి తలుపు తట్టే వీలిచ్చినట్టే. పైగా మన బ్రాడ్‌బ్యాండ్‌లు చాలావాటిలో వందల ఇళ్ళకు కలిపి ఒకే బయటి చిరునామా ఉంటుంది కాబట్టి పోర్టు తెరిచినా పనిచేయదు. టెయిల్‌స్కేల్ అనే ఉచిత యాప్‌ను ల్యాప్‌టాప్‌లో, అమ్మాయి ఫోనులో పెట్టి, ఒకే ఖాతాతో లాగిన్ అయితే రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు కనబడతాయి. జెల్లీఫిన్‌లో టెయిల్‌స్కేల్ ఇచ్చిన 100తో మొదలయ్యే చిరునామా, చివర 8096 వాడాలి. ఇక్కడ మీ అప్‌లోడ్ వేగమే కొలత కాబట్టి ఆ ఫోనులో నాణ్యత 4 మెగాబిట్లకు తగ్గించమని చెప్పండి.

డిస్క్ బాగోగులు

ఇప్పుడు ఇంటి జ్ఞాపకాలన్నీ ఎప్పుడూ తిరుగుతూ ఉండే ఒక్క డిస్క్ మీద ఉన్నాయి. అంతే సైజుది ఇంకొకటి కొని, నెలకోసారి కాపీ చేసి, పీకి వేరే ఇంట్లో పెట్టండి. సినిమాలకు అక్కర్లేదు, ఇంటి వీడియోలకు, ఫోటోలకు చాలు. నెలకోసారి డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి చూడండి. నీలం రంగులో "గుడ్" ఉండాలి. పసుపు రంగులో "కాషన్" వస్తే, వరసలో 05, సీ5, సీ6 ఎదురుగా సున్నా కాని అంకె కోసం వెతకండి. అవి డిస్క్ మీద చదవలేని చోట్ల లెక్కలు. సీ7 ఒక్కటే పెరుగుతూ ఉంటే సాధారణంగా కేబుల్ దోషం, వైరు మార్చి చూడండి. సీ5 పెరుగుతూ ఉంటే ఆ రోజే కాపీ మొదలుపెట్టండి, పెళ్ళి వీడియో ముందు, సినిమాలు చివర.